ఉయ్యాలలోని చప్పుడు

నల్లకాగితం మడత విప్పి, కూతురు దాన్ని భోజనాల బల్ల మీద పెట్టింది. అందులో చిటికెడు పొడి... అప్పుడే జల్లించిన పిండిలా, లేత పసుపు రంగులో, ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత మెత్తగా! తండ్రి నోటిదాకా వెళ్లిన ముద్ద మళ్లీ కంచంలోకే దిగివచ్చింది. తల్లి ఆ పొడిని చూడలేదు. భర్త ముఖాన్ని చూసింది. ఆ ముఖంలోంచి నెత్తురు ఇంకిపోవడం చూసింది. ఇంకేం చూడాలి ఆ ఇల్లాలు! ఏదో జరిగింది... జరగరానిదేదో జరిగిపోయింది!

“ఏమిటే పిచ్చుకా ఇది?”

చిన్నప్పుడు క్షణం నోరు మూయని పిల్ల కాబట్టి ఆ పేరు.

“కర్రని పురుగు తొలిస్తే రాలే పొడమ్మా. పాత పొడైతే రంగు మారుతుంది. ఇది కొత్తది. అంటే పురుగు బతికే ఉంది. పైకి నునుపుగానే కనిపిస్తుంది... లోపల తినేస్తూ ఉంటుంది.”

“ఎక్కడ దొరికింది?”

జవాబు తండ్రి చెప్పాడు, కంచం వైపే చూస్తూ.

“ఉయ్యాల కింద.”

తల్లి చేతిలోని గరిటె జారి పళ్లెంలో పడింది. ఆ ఇంట్లో ‘ఉయ్యాల’ అన్న మాటను ఎవరూ పైకి అనరు. అన్నారంటే, ఆ రోజుకు అన్నం సయించదు!

ఆయన ఊరి మ్యూజియంలో స్టోరుకీపరు. పాత వస్తువులు దాచే గదులన్నిటి తాళాలూ ఆయన నడుముకే వేలాడుతుంటాయి. ఆ తాళాల చప్పుడు వింటూ పెరిగిన పిల్లే ఈ పిచ్చుక. అందుకేనేమో, కళాఖండాలనూ వారసత్వ సంపదనూ కాపాడే విద్యలో పై చదువుకు పూనుకుంది. ఒక్కో విడత ఒక్కో దేశంలో చదువు. ఒకచోట మంచు, ఒకచోట ఎండ, ఒకచోట ఎడతెగని వాన! చివరి విడతకు సొంత ఊరినే ఎంచుకుంది. ఇక్కడి మ్యూజియంలో పసిపిల్లల వస్తువుల ప్రదర్శన ఏర్పాటు చేయడమే ఆమె పరీక్ష. దాని కోసం విదేశపు మ్యూజియం వారిని బతిమాలి, తన పూచీ మీద, పురాతనమైన చెక్కగుర్రాన్ని అరువు తెచ్చింది. వచ్చినది వచ్చినట్టే తిరిగి వెళితేనే ఆమె చేతికి పట్టా.

ఆ గుర్రాన్ని తెచ్చి, మ్యూజియంలో ఉన్న ఈ ఇంటి ఉయ్యాల పక్కనే నిలబెట్టారు. ఎంత ముచ్చటగా ఉందో అనుకున్నారంతా! ఇవాళ ఆ గుర్రం వెనక కాలి కింద కూడా, సన్నగా, పసుపు పొడి...

పక్కవాటాలో ఉండే ఆడపడుచు అప్పుడే లోపలికి వచ్చింది. కాగితం మీదికి వంగి చూసి ముక్కు మీద వేలేసుకుంది.

“ఇదేం చోద్యం వదినా! మూడు దేశాలు తిరిగి, సముద్రాలు దాటి, నీ కూతురు నేర్చుకొచ్చింది పురుగులు ఏరడమా? ఆ మాత్రం దానికి మా పప్పుల డబ్బా ఇస్తే ఇంట్లోనే నేర్చుకునేదిగా!”

ఎవరూ నవ్వలేదు. అన్న ముఖం చూసి, “నేను మళ్లీ వస్తానులే అన్నయ్యా...” అంటూ ఆమె వచ్చిన దారినే వెళ్లిపోయింది.

కూతురు మెల్లగా అడిగింది. “నాన్నా, కర్ర వస్తువు ఏది వచ్చినా ముందు సంచిలో పెట్టి, గాలి లేకుండా చేసి, పురుగు చచ్చిందని తేలాకే లోపలికి తీసుకెళ్లాలి. ఏ దేశంలోనైనా అంతే. అసలు నాకు ఆ పద్ధతి మొదట చెప్పింది మీరే కదా! సంచిలోంచి వచ్చిన ప్రతిదానికీ మీరు తెల్లగుడ్డ కడతారు. గుర్రానికి ఉంది, ఉయ్యాలకి ఏది ఆ గుడ్డ?”

“మరిచిపోయానమ్మా.”

“మీరా! వీధి తలుపుకు తాళం వేసి, వీధి మలుపు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి లాగి చూసే మనిషి... మీరు మరిచిపోయారా?”

“ఆయన మరిచిపోలేదు!” తల్లి అడ్డొచ్చింది. “నేనే వద్దన్నాను... నేనే కాళ్లా వేళ్లా పడ్డాను...”

పిచ్చుకకు ముందు ఒక కొడుకు పుట్టాడు. పుట్టినట్టే పుట్టి, ఆ ఉయ్యాలలోనే, చిన్ని రొమ్ము ఎగిసి ఎగిసి, ఊపిరి అందక ఊపిరి అందక... తల్లి ఎత్తుకునేలోగా ఆరిపోయాడు. చేవగల కర్రతో ముత్తాత చెక్కించిన ఉయ్యాల అది. ఎవరికీ ఇవ్వలేక, చూస్తూ బతకలేక, అటక మీదికి ఎక్కించారు. కూతురు పై చదువుకు వెళ్లి ఇల్లు బోసిపోయిన ఏడు, ఆ తల్లే అంది: “మ్యూజియానికి ఇచ్చేద్దామండీ. నలుగురూ చూస్తారు. నేనూ వారం వారం వెళ్లి చూసుకుంటాను.” తీరా అక్కడికి వెళ్లాక, పెద్ద పారదర్శకపు సంచి పరిచి, అందులోని గాలి హరించే పొట్లాలు సిద్ధం చేస్తుంటే, ఆమె ఉయ్యాలను రెండు చేతులా చుట్టేసుకుంది. “వాడికీ ఊపిరాడలేదు... దీనికీ గాలి తీసేస్తారా! నా కళ్లముందు మళ్లీ ఒకసారా!” అంటూ గుండెలవిసేలా ఏడ్చింది. నియమం తప్పడం ఎరగని ఆ మనిషి భార్యను చూశాడు, సంచిని చూశాడు, మారుమాట లేకుండా సంచి మడత పెట్టేశాడు.

ఆ ఒక్క మడతలో ఇన్ని బతుకులు నలుగుతాయని ఎవరికి తెలుసు!

మర్నాడు తెల్లవారాక, వంటింట్లో ఉన్న తల్లికి వసారాలోంచి మాటలు వినిపించాయి.

“గుర్రం నా పూచీ నాన్నా. తనిఖీ నేనే సరిగా చేయలేదని చెప్పేస్తాను. మీరు పదవి విరమించే వేళ తలవంపులు వద్దు.”

“నీ పట్టా పోతుందే!”

“పోతే పోనీండి.”

“నోర్ముయ్! నా తప్పును నీ నెత్తిన రుద్దుతానా?”

పొయ్యి ఆపేసి తల్లి గోడకు ఆనుకుంది. ఆమె చెవిలో ఆ చప్పుడు మొదలైంది... టక్... టక్... టక్...

ఆ సంగతి ఆమె భర్తకు కూడా చెప్పలేదు. వారం వారం ఉయ్యాల దగ్గరికి వెళ్లినప్పుడు, కాపలావాడు స్టోరుకీపరు గారి భార్య కదా అని పక్కకు తప్పుకుంటే, ఆమె వంగి కర్రకు చెవి ఆనించేది. లోపల సన్నగా, ఆగి ఆగి, టక్... టక్... మొదటిసారి ఒళ్లు జలదరించింది. రెండోసారి కన్నీళ్లు ఆగలేదు. ‘వచ్చావా నాన్నా!’ అనుకుంది. ఆ చప్పుడు కోసమే వారమంతా బతికింది. ఇప్పుడు తెలిసింది! అది గుండె కాదు... పురుగు! తాను వింటూ మురిసిపోయింది తన బిడ్డను కాదు... తన ఇంటిని తొలిచే చావును!

ఆమె ముఖం కడుక్కుంది. చెప్పులేసుకుంది. “పదండి, నేనూ వస్తాను” అంది.

మ్యూజియం అధికారిణి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, తండ్రీ కూతుళ్లు ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తూ తప్పు తనదంటే తనదని అంటుంటే వింటోంది. తల్లి వాళ్లిద్దరి మధ్యకు వచ్చి నిలబడింది.

“వీళ్ల మాట నమ్మకండమ్మా. సంచి వద్దన్నది నేను. అంతే కాదు... చప్పుడు విన్నాను. వారం వారం విన్నాను! ఒక్కసారి ఈయన చెవిన వేసుంటే గుర్రం రాకముందే తెలిసేది. నేను... నా కొడుకు గుండె అనుకున్నానమ్మా...”

అధికారిణి కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని నెమ్మదిగా అంది.

“మీ దుఃఖం నాకు అర్థమవుతుంది. కానీ తాళాలు ఇక ఆయన దగ్గర ఉండకూడదు. అమ్మాయీ, గుర్రం ఇచ్చినవారికి ఉన్నది ఉన్నట్టు నువ్వే చెప్పు. నీ పట్టా సంగతి వాళ్ల దయ. ముందు ఆ రెండింటినీ సంచిలో మూసెయ్యాలి. ఇవాళే. ఆలస్యమైతే గుర్రం దక్కదు.”

స్టోరుకీపరు నడుముకున్న గుత్తి విప్పి బల్ల మీద పెట్టాడు. ఎన్నేళ్లుగానో ఆ ఇంటి గుమ్మంలోకి సాయంత్రాన్ని మోసుకొచ్చిన చప్పుడు... ఆ బల్ల మీద ఒక్కసారి మోగి ఊరుకుంది.

కింది గదిలో సంచి పరిచారు. ఉయ్యాలనూ గుర్రాన్నీ పక్కపక్కనే పెట్టారు. కూతురు అన్ని వైపులా పొట్లాలు సర్దుతూ, తల ఎత్తకుండానే అంది.

“చిన్నప్పుడు అటక ఎక్కి దాన్ని ముట్టుకుంటే అరిచేదానివి గుర్తుందా అమ్మా? నన్నెప్పుడూ అందులో పడుకోబెట్టలేదట కదా, అత్త చెప్పేది. వాడి వస్తువుకు నేను తగనేమో అనుకునేదాన్ని...”

“అయ్యో పిచ్చి తల్లీ!” ఆమె కూతురి తలను పొట్టకు హత్తుకుంది. “అందులో పడుకోబెడితే నీ ఊపిరి నాకు వినపడదని భయమే! నడవడం వచ్చేదాకా నా రొమ్ము మీదే పడుకున్నావు నువ్వు. నీ ఊపిరి వింటూ నేను నిద్ర మానేశాను. నీకు ఉయ్యాల ఎందుకే... నేనుండగా!”

పిచ్చుక తల్లి చీర కుచ్చిళ్లలో ముఖం దాచుకుని, చిన్నపిల్లలా భుజాలు కదిలేలా ఏడ్చింది.

సంచి అంచు అతికించే వేడి పట్టకారు కూతురు అందుకుంది. “ఇటివ్వు” అంది తల్లి. ఊళ్లోవాళ్ల బట్టలు కుట్టి, ఇస్త్రీ పెట్టి, కూతురిని చదువుకు పంపిన చేతులవి. మూసేముందు ఒక్కసారి వంగి, కర్రకు చెవి ఆనించింది.

టక్... టక్...

“ఇక చాలు నాన్నా” అంది, ఎవరితోనో. లేచి, అంచు మీద అంచు వేసి, అంగుళం అంగుళం అతికిస్తూ వెళ్లింది. ఎక్కడా చేయి తడబడలేదు. చివరి మూల దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగింది. భర్త వచ్చి ఆమె చేతి మీద చేయి వేశాడు. ఇద్దరూ కలిసి నొక్కారు.

సంచి మెల్లమెల్లగా లోపలికి కుంగింది. ఉయ్యాల పక్కటెముకల్లాంటి కమ్మీలను హత్తుకుంది. గుర్రం మెడను హత్తుకుంది. ఇప్పుడు ఏ చప్పుడూ లేదు. తల్లి కళ్లు ఆర్పకుండా, పెదవులు బిగించి, కొయ్యబారి చూస్తూనే ఉంది... చూస్తూనే ఉంది...

కూతురు ఆమె ముఖాన్ని తన వైపు తిప్పుకుంది.

“అమ్మా... నువ్వు ఊపిరి పీల్చుకో.”