పటంలో దారి తప్పిన కప్ప

"మీ కప్ప సినిమా హాల్లో కాపురం ఉంటుందా?"

ఆమె నాతో అన్న మొట్టమొదటి మాట అదే. నమస్కారం లేదు, కూర్చోమనడం లేదు. కంప్యూటర్‌లో పటం తెరిచి, నేను పెట్టిన ఎర్ర చుక్కల్లో ఒకదాన్ని వేలితో చూపించింది. ఆ చుక్క నిజంగానే ఒక సినిమా హాలు నెత్తిన కూర్చుంది.

"జీపీఎస్ ఒక్కోసారి తప్పుతుందండీ," అన్నాను.

"ఇది పెట్రోల్ బంకు. ఇక్కడా తప్పిందా?"

ఆఫీసులో ఆమెను కత్తెర మేడమ్ అంటారు. ఏ జీవి అంతరించిపోయే ప్రమాదంలో ఉందో మాలాంటివాళ్లం అంచనా రాసి పంపిస్తే, రుజువు లేని వాక్యాన్నల్లా కోసి పారేయడం ఆమె ఉద్యోగం. నేను కప్పలాయన్ని. మూడేళ్లుగా వాగుల్లో మోకాళ్లదాకా దిగి, జలగలకు నెత్తురు ధారపోసి, బొటనవేలి గోరంత కప్పను లెక్కపెడుతున్నాను. అలాంటివాణ్ని పట్టుకుని పెట్రోల్ బంకంటుందా! ఒళ్లు మండిపోయింది.

తర్వాత రెండు వారాల్లో నా ఫైలు నాలుగుసార్లు వెనక్కి వచ్చింది. నాలుగుసార్లూ పోట్లాటకే వెళ్లాను. మూడోసారి మాత్రం ఎందుకో కొత్త చొక్కా వేసుకున్నాను.

"అది ఎలా అరుస్తుంది?" అని అడిగింది ఆ రోజు. అరిచి చూపించాను. బల్ల కింద పెన్ను పడిందని వంగి, చాలాసేపు పైకి లేవలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. రెండు రోజులపాటు నాకు ఏ పనీ తోచలేదు.

ఆఖరి రోజు వచ్చింది. ముందుగా కాపాడవలసిన ఐదు జీవుల జాబితా సాయంత్రం ఐదింటికి మూసేస్తారు. అందులో నా కప్ప లేకపోతే, వానలు తగ్గగానే రోడ్డు వెడల్పు చేసేవాళ్లు దాని వాగును పూడ్చేస్తారు. మూడున్నరకు ఆమె నుంచి మెసేజ్ వచ్చింది. "మీ కప్పకు ప్రమాదం లేదని తేలింది."

వానలో తడుస్తూనే ఆమె ఆఫీసుకు పరుగెత్తాను.

"ప్రమాదం లేకపోవడమేమిటండీ? అన్నీ కలిపి రెండు వందలు కూడా లేవు!"

"నేననట్లేదు, మీ చుక్కలే అంటున్నాయి. ఇంత మేర పరుచుకుని బతికే జీవికి ప్రమాదమని ఎలా రాయమంటారు?"

గుండె గుభేలుమంది. ఆ చుక్కల్ని జరిపింది నేనే. కిందటేడు ఇంకో జాతి కప్ప ఉండే చోటు పటంలో ఉన్నదున్నట్టు వేశాను. కప్పలు పట్టి అమ్ముకునేవాళ్లు దాన్ని చూసుకుని ఆ వాగంతా ఊడ్చేశారు. అందుకే ఈసారి ఒక్కో చుక్కనూ ఒక్కో దిక్కుకు ముప్ఫై, నలభై కిలోమీటర్లు తోసేశాను. దొంగల నుంచి దాచబోయి దాని ప్రాణానికే ఎసరు పెట్టాను.

కూర్చోలేను, నిలబడలేను. కిటికీ దాకా వెళ్లాను, వచ్చాను, మళ్లీ వెళ్లాను.

"ఎవరికీ చెప్పనని ఒట్టేస్తే ఒకటి చెప్తాను," అన్నాను.

"ఒట్లు వెయ్యను. అసలు చోటు రాసిన కాగితానికి సీలు వేస్తాం, పటంలో చూపించం. నేను ఇవ్వగలిగింది ఆ మాటే. నమ్మితే చెప్పండి."

జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి ఆమె చేతిలో పెట్టాను. మూడేళ్లలో దాన్ని ఇంకొకరు ముట్టుకోవడం అదే మొదలు.

"అంతా ఒకే వాగా?"

"ఒకటే. రెండు కిలోమీటర్లు, అంతే."

"రెండు వారాలుగా ఇది జేబులో పెట్టుకుని నాతో పోట్లాడుతున్నారా? మనిషేనా మీరు?"

"భయమండీ."

"నేనంటేనా?"

"ఇంకొకటి కూడా నా వల్లే పోతుందేమోనని."

ఆమె చకచకా చుక్కలు మార్చింది. పటమంతా పరుచుకున్న ఎరుపు చూస్తుండగానే సన్నటి గీతైపోయింది. సంతకానికి పెన్ను తీసింది, ఆగింది, నా వైపు ఒకసారి చూసింది, పెన్ను కింద పెట్టేసింది.

"దీని మీద నేను సంతకం పెట్టలేను," అని ఫైలు పట్టుకుని పెద్దసారు గదిలోకి వెళ్లిపోయింది.

నాలుగూ ఇరవై. కాలుగాలిన పిల్లిలా వరండా అంతా తిరిగాను. నిజం చెప్పినా నమ్మలేదా? నాలుగూ నలభైకి ఆమె బయటికొచ్చి, నా ముఖం చూడకుండా తన గదిలోకి పోయింది. కప్ప పోతోంది, ఆమె కూడా పోతోంది.

పది నిమిషాలకు పెద్దసారు వచ్చాడు.

"ఏమయ్యా, నీ కప్ప జాబితాలో రెండోది. సంతకం నేను పెట్టాను."

"ఆవిడెందుకు పెట్టలేదు సార్? ఇంకా అనుమానమా?"

"అంచనా రాసినవాళ్లతో సంబంధం ఉంటే, పరిశీలించేవాళ్లు సంతకం పెట్టకూడదని రూలు. ఫారం నింపి ఇచ్చి తప్పుకుంది. ఇదుగో, నువ్వే చదువుకో."

అంచనా రాసిన వ్యక్తితో మీకు సంబంధం ఉందా? ఉంది.

ఎటువంటి సంబంధం? ఆ గడిలో గుండ్రటి అక్షరాలు: "ఇంకా అతన్ని అడగలేదు. ఈరోజే అడుగుతాను."

ఒక్క పరుగున ఆమె గుమ్మంలో ఉన్నాను. ఆయాసం ఆగలేదు.

"మీరు అడగక్కర్లేదు. నాకు మీరంటే ఇష్టం. చాలా ఇష్టం," అన్నాను.

ఆమె చెవులదాకా ఎర్రబడింది. "మీరాగండి. నేనడుగుతానని రాసిచ్చాను. ఫారం తప్పైపోతుంది."

గుమ్మంలోనే చేతులు కట్టుకుని, బుద్ధిగా నిలబడ్డాను. ఆమె అడిగింది.