సమ్మతి స్తంభం

కొత్తరేవు చేపల బజారులో ఆ ఉదయం అప్పుడే తీర్పు జరిగిపోయింది. మంచుగడ్డల బండి ఎక్కడ ఆగాలన్నది ప్రశ్న. బజారు పెద్ద అది చదివాడు, అమ్మేవాళ్ల మణికట్ల మీది నాడిపట్టీలు కొన్ని ఎర్రగా, కొన్ని నీలంగా వెలిగాయి. ఎరుపు మెండుగా ఉన్న వైపు బండి కదిలింది. చెయ్యెత్తే పని లేదు, చీటీ వేసే పని లేదు. మాట నచ్చితే మనిషి నాడి పొంగుతుంది, ఆ పొంగును పట్టీ పట్టేసి ఎర్రబడుతుంది, పొంగకపోతే నీలమే. 'నోరు బొంకుతుంది, నాడి బొంకదు' అని బడిపిల్లల చేత వల్లె వేయించేవారు.

సలోమికి బండి గొడవ ఎక్కడ పడుతుంది! కోట కూడలిలో గడ్డిమంట వేసి, అన్న దానియేలుతో కలిసి డప్పులు కాస్తోంది. రేవును తరతరాలుగా ఏలిన యాజమాన్యం వారం కిందట ఓడలెక్కి పారిపోయింది. ఊరంతా పెళ్లివారి విడిదిలా ఉంది. చావుకో జాతరకో తప్ప డప్పును తలవని ఊరికి ఇప్పుడు డప్పు లేనిదే తెల్లవారడం లేదు. సలోమి కాళ్లు నేల మీద నిలవడం లేదు.

దీనంతటికీ మూలం భార్గవి. నిప్పుదళం నాయకురాలు. దళమని పేరేగాని, మొదట్లో ఆ మనుషులందరూ ఒక ఆటోలో పట్టేవారు. ఊరి నమ్మకమంతా పాలకసభ పెద్ద సత్యానందం మేష్టారి మీద ఉండేది. ఆయనేమో పారిపోయినవాళ్ల మీద విచారణ ఎలా జరగాలో సావధానంగా వివరించేవారు. వివరణ ముగిసేసరికి జనం ఆవలించేవారు, ఊరి పట్టీలన్నిటి లెక్కనూ చూపే కూడలిలోని సమ్మతి స్తంభం నీలంగానే ఉండిపోయేది. అప్పుడు భార్గవి సలోమి దగ్గరికొచ్చి, "అక్కా, నేను మాట్లాడేముందు నాలుగు దరువులు వెయ్యండి" అంది.

వేశారు. దరువు పతాకస్థాయికెక్కిన చోట భార్గవి చెయ్యెత్తింది, డప్పులు ఆగాయి, ఆమె ఒక్క వాక్యం చదివింది. స్తంభం కింది నుంచి కొసదాకా భగ్గుమంది. గోదాముల తలుపులు తెరుచుకున్నాయి, ఇంటింటికీ బియ్యం చేరింది. జనానికి నచ్చింది మాటా, దరువా అని స్తంభం అడగలేదు. మర్నాడు ఆయుధశాల తాళాలు దళం చేతికొచ్చాయి. ఆ తర్వాత పాలకసభ. మేష్టారు కళ్లజోడు తుడుచుకుని పెట్టుకునేలోగా ఆయన పదవి ఊడింది.

"ఒసే, వాళ్ల గుండెలు ఎగిరేది మన దరువుకే. ఆవిడ మాటకి కాదు" అన్నాడు దానియేలు, డప్పును మంట మీద తిప్పుతూ.

"ఏదైతేనేం అన్నయ్యా! బియ్యం వచ్చాయా లేదా?"

"వచ్చాయి. మేష్టార్ని కూడా గెంటేశారు. ఆయనేం చేశాడే పాపం?"

అంతలో భార్గవి నవ్వుతూ వచ్చింది, చేతిలో కొత్త పట్టీలు. "మణికట్టు సరిగ్గా తిరగదని మీరు ఇన్నాళ్లూ పట్టీలు తీసేసి వాయిస్తున్నారు. విప్లవం తెచ్చిన చేతులే లెక్కలోకి రాకపోతే ఎలా అక్కా? మీకోసం వదులుగా చేయించాను" అని తనే సలోమికి కట్టింది, మిగతావి డప్పులవాళ్లందరికీ పంచింది. సలోమి కళ్లు చెమర్చాయి.

పొద్దెక్కేసరికి కూడలి ఇసుకేస్తే రాలకుండా నిండింది. డప్పు మీద చిర్రపుల్ల పడింది. ఒక్క డప్పు, తర్వాత పది డప్పులు. ముసలివాళ్లు భుజాలెగరేశారు, చంటిబిడ్డలు తల్లుల చంకల్లో గంతులేశారు. ఆహా, అదీ వాయింపంటే! భార్గవి చెయ్యెత్తింది.

"ఈ విప్లవం వేడి తగలని మనుషులు మన మధ్య ఉన్నారు. ఈ క్షణాన పట్టీ నీలంగా ఉన్నవాళ్లు పాతవాళ్ల మనుషులే. వాళ్లను పడవెక్కించి దీవికి తోలేద్దామా?"

స్తంభం భగ్గుమంది. కావలివాళ్లు మణికట్లు చూసుకుంటూ వచ్చారు. ఎవడో కేకేశాడు: "డప్పులోళ్లవన్నీ నీలమేరా!"

నిజమే. డప్పు ముందు వేలమంది ఊగుతారు, వాయించేవాడి గుండె ఊగితే మాత్రం దరువు తప్పుతుంది. పట్టీ చేసిన మేధావులెవరూ ఎన్నడూ డప్పు పట్టి ఎరగరు. పాపం, భార్గవీ ఎరగదు. ఆమె ముఖం పాలిపోయింది. వెనక దళం కుర్రాళ్లు ఆమెనే చూస్తున్నారు.

"తీర్మానం అందరికీ ఒకటే" అంది, సలోమి వైపు చూడకుండా. "పెద్దవాడితో మొదలుపెట్టండి."

దానియేలు డప్పును మంటకు ఎడంగా పెట్టాడు. "దాని మీద కాలెయ్యకండి బాబూ" అన్నాడు కావలివాళ్లతో.

సలోమి తనను పట్టుకున్న చేతులను విదిలించుకుంది. "భార్గవమ్మా! డప్పు లేకుండా అడుగు. మా అన్నయ్యను పంపడం ఇష్టమేనా అని మళ్లీ అడుగు. స్తంభం నీలమైతే తీర్మానం కొట్టేసినట్టే, అది మీ చట్టమే!"

ఆమెకు గట్టి నమ్మకం. ఊళ్లో ప్రతి చావుకూ, ప్రతి జాతరకూ వాయించిన మనిషి అతను, అతన్ని పొమ్మనేదెవరు? భార్గవి కూడా ఊపిరి పీల్చుకుని ముందుకొచ్చింది. ఆమెకూ అదే కావాలి.

"దానియేలును దీవికి పంపడం మీకు సమ్మతమేనా?"

ఎవరూ దానియేలు వైపు చూడలేదు. ప్రతివాడూ తన మణికట్టు చూసుకున్నాడు. నీలమైతే మన గతేమిటి? నా గతేమిటి? గుండెలు దడదడలాడాయి. పట్టీలన్నీ ఎర్రబడ్డాయి. ఏ దరువుకూ ఎక్కనంత ఎత్తుకు ఎక్కింది స్తంభం. ఆ ఊళ్లో ఒక్క నీలిచుక్క లేకుండా నెగ్గిన తీర్మానం అదొక్కటే.

సలోమి తన చెయ్యి చూసుకుంది. ఎరుపు.

"ఈమె మన మనిషే, వదిలెయ్యండి" అన్నారెవరో. భార్గవి ఆమెను వాటేసుకుని ఏడ్చింది. సలోమి పట్టీని పీకబోయింది. రేవు వైపు నడుస్తున్న దానియేలు వెనక్కి తిరిగి వద్దని తల ఊపాడు.

"ఉంచుకోవే" అన్నాడు. "ఆ భయం తగ్గనివ్వకు. నా పడవ కనుమరుగయ్యేదాకా తగ్గనివ్వకు."