మాస్టర్ చెప్పిన ఇరవై మూడో పాఠం

పదకొండు లక్షల నలభై వేలు. చర్లపల్లిలో షెడ్డు తెరిచిన నాడు నిహాల్ చేతిలో ఉన్నది అంతే. సగం, లోహాన్ని తిప్పి చెక్కే లేత్ మిషను మింగింది, మిగతాది 'మాస్టర్' డిపాజిట్‌కి పోయింది.

మాస్టర్ అంటే లేత్ మీద వేలాడే ఒక కన్ను, ఒక గొంతు, ఒక స్క్రీన్. పంపు రింగులు కొనే విదేశీ కంపెనీ తన సప్లయర్లందరి దగ్గరా దాన్ని బిగించింది. అది పని గమనిస్తుంది, తప్పు దిద్దుతుంది, అక్కడి ఇంజనీర్ల కిటుకులు తెలుగులో చెబుతుంది. పాఠానికి పద్దెనిమిది వేలు. కొనకపోతే ఆర్డరు రాదు.

వియత్నాంలో చౌకగా చేస్తున్నారంటూ పోయిన వారమే కంపెనీ రింగుకి ఆరు రూపాయలు కోసింది. కొత్త రేటుకి రేపే సంతకం. ఆ రేటుకి షెడ్డు ఏడాది కూడా నిలవదు.

అలాంటప్పుడు మొదలైంది ఇరవై మూడో పాఠం.

"పల్చటి రింగు తిరిగేటప్పుడు అదురుతుంది. చుట్టూ సైకిల్ ట్యూబ్ ముక్క తొడగండి."

షెడ్డులో సగం వాటాదారు షాహీన్ పకపకా నవ్వింది. "అరే, పోయిన నెల మనం చేసిందే గద! దొరలు గూడ పంక్చర్ షాపుకి పోతున్నరా?"

నిహాల్ నవ్వలేదు. స్క్రీన్ మీది ట్యూబుకి ఎర్ర ప్యాచ్ ఉంది. తన చేత్తో అతికించిన ప్యాచ్!

మాస్టర్‌ని తయారుచేసిన శాస్త్రవేత్త డాక్టర్ మైథిలికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"మేడమ్, మా కిటుకు మాకే అమ్ముతున్నరా?"

"మీది మీకే రాకూడదు. సాఫ్ట్‌వేర్ పొరపాటు."

"అంటే, వేరేవాళ్లకి పోవచ్చా?"

"ఒక షెడ్డు కనిపెట్టింది మిగతా షెడ్లకు చెప్పడమే దాని పని, నిహాల్ గారూ."

"మరి అక్కడి ఇంజనీర్లు?"

"వాళ్లని తీసేసి ఆరేళ్లయింది."

నిహాల్ ఫోన్ పెట్టేశాడు. లెక్కకి కాగితం అక్కర్లేకపోయింది. ఇరవై మూడు పాఠాలు, నాలుగు లక్షల పద్నాలుగు వేలు. వియత్నాం వాళ్లకి ఎలా గిట్టుబాటవుతోందో ఇప్పుడు తెలిసింది.

"మనల్ని మనతోనే కొట్టించిండ్రు," అంది షాహీన్ మెల్లగా.

నిహాల్ గబగబా పాత పాఠాలు తిరగేశాడు. తొమ్మిదో పాఠంలో, ఎవరిదో లేత్ వెనక గోడకి బోర్డు. అక్షరాలు అర్థం కాలేదు గానీ, కింద ప్లస్ ఎనభై నాలుగుతో మొదలయ్యే ఫోన్ నంబరుంది. వియత్నాం కోడ్.

"ఇక్కడ చౌకని మన పేరు చెప్పి కంపెనోళ్లు వాళ్లకెంత కోసిండ్రో అడుగుతా," అన్నాడు.

"ఏ భాషల అడుగుతవ్?"

"రేటే గదా, వేళ్లతో చూపిస్తా. ముందు నువ్వు మాస్టర్ కంటి మీద గుడ్డ కప్పు."

షాహీన్ స్టూలెక్కింది. నిహాల్ వీడియో కాల్ గుర్తు మీదికి వేలు చాచాడు.