రంగు పోయిన సీసా

కుర్చీ చూపించినా కొండలమ్మ కూర్చోలేదు. నర్సీపట్నం బస్టాండు ఎదుట, సెల్‌ఫోన్ షాపు పైన ఉన్న వర్ధనమ్మ గారి డిటెక్టివ్ ఆఫీసులో గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

"మా అత్త పోనాదమ్మా. శుక్రారం పెద్దదినం. ఊల్లో ఒక్కరూ మా ఇంట మెతుకు ముట్టరంట. మా ఆయన ఊరి నూతిలో పాదరసం పోసాడంటన్నారు. మా అత్త ఆళ్ళందరికీ పురుళ్ళు పోసిన మనిసి. ఆ పొద్దు ఆకులు కాళీగా ఉంటే మా ఆయన బతకడు. బేగి తేల్చండమ్మా."

ఆమె భర్త తాతబ్బాయి నాతవరం వైపు ఓ పల్లెలో బంగారప్పని చేస్తాడు. బంగారప్పనిలో పాదరసం వాడతారని అందరికీ తెలుసు. ఇంకేం కావాలి? ఒకడి నెత్తిన నెట్టేయడానికి ఊరికి ఎంతసేపు!

నూతిలో విషం కనిపెట్టింది శ్రీరామ్ అనే కెమిస్ట్రీ లెక్చరర్. వర్ధనమ్మ, ఆవిడ మాటంటే వేదమనుకునే అసిస్టెంటు రమణబాబు, ముందు అతని కాలేజీకే వెళ్ళారు.

శ్రీరామ్ ఉత్సాహంగా పసుపు రంగు నీళ్ళున్న గాజుసీసా చూపించాడు. "జీడిమామిడి ఆకుల కషాయంతో చేసిన వెండి నానో రేణువులండీ. కంటికి ఆనవు. నీళ్ళలో పాదరసం ఉంటే ఈ పసుపు పోతుంది."

"ఎన్నాళ్ళ కష్టం?"

"ఏళ్ళండీ. ఎవరూ పట్టించుకోలేదు. ఈ నుయ్యి బయటపడ్డాక పేపర్లో వేశారు, గ్రాంటు కూడా ఇస్తామంటున్నారు."

టేబుల్ మీద అతని పెళ్ళిఫొటో ఉంది. వేలికి ఎర్రరాయి బంగారు ఉంగరం. ఇప్పుడా వేలు బోసిగా ఉంది.

"ఉంగరం తీసేశారే?"

"లూజయిందండీ."

వర్ధనమ్మ ఆ పసుపు మందు ఒక సీసాడు అడిగి తీసుకుంది.

మెట్లు దిగుతూ రమణబాబు, శ్రీరామ్ నూతినీళ్ళు పట్టిన రోజున ఊరివాళ్ళు తీసిన వీడియో ఫోన్లో మళ్ళీ చూశాడు. శ్రీరామ్ బ్యాగులోంచి నల్లటి ప్లాస్టిక్ సీసా తీసి, తొలపకుండానే చేదలోని నీళ్ళు అందులో పోసుకుంటున్నాడు. "ఇక్కడ వెండి ఉంగరమండీ. రాయి మాత్రం ఎర్రదే," అన్నాడు. వర్ధనమ్మ ఆగి ఫోను అందుకుంది.

శుక్రవారం తాతబ్బాయి వాకిట్లో ఊరంతా చేరింది. తిండికి కాదు, సర్పంచి జగదీశ్వరరావు రమ్మన్నాడు గనక, ఓ పోలీసు కూడా ఉన్నాడు గనక. తాతబ్బాయి గుండుతో ఓ మూల తల వంచుకుని కూర్చున్నాడు. శ్రీరామ్‌కి కుర్చీ వేశారు.

వర్ధనమ్మ అందరి ఎదుటా నూతి అడుగునుంచి తోడించి, గాజుగ్లాసులో పోసి, పసుపు మందు కలిపింది. పసుపు పోలేదు. తర్వాత పంచాయతీ బీరువాలో సాక్ష్యంగా దాచిన శ్రీరామ్ ఖాళీ నల్లసీసా తెప్పించి, అవే నీళ్ళు అందులో పోసింది. కాసేపు ఉంచి ఇంకో గ్లాసులోకి వంచి మందు కలిపింది. చూస్తుండగానే పసుపు పోయి నీళ్ళు తేటపడ్డాయి. గ్లాసు అడుగున ఆవగింజంత పాదరసం దొర్లింది.

"విషం నూతిలో లేదు, సీసాలో ఉంది," అంది వర్ధనమ్మ. "పాదరసం తగిలితే బంగారం తెల్లబడుతుంది. కెమిస్ట్రీ చెప్పేవారికి తెలియక కాదు, తొందరలో ఉంగరం తియ్యడం మర్చిపోయారు. పెళ్ళిఫొటోలో పచ్చగా ఉన్న ఉంగరం, ఇదిగో, వీడియోలో నూతినీళ్ళు తాకకముందే తెల్లగా ఉంది. ఆ తర్వాత వేలికే లేదు. అవునా, శ్రీరామ్ గారూ?"

శ్రీరామ్ బోసివేలు అరచేతిలో దాచుకున్నాడు.

"నా మందు పనిచేస్తుందండీ," అన్నాడు. "మీరే చూశారుగా. ఎన్ని నూతులు తిరిగానో! చూపించడానికి విషమున్న నీళ్ళే దొరకలేదు. ఆ నేరం ఎవరిమీదో పడుతుందని అనుకోలేదు."

"పడ్డాక?"

తాతబ్బాయి తలెత్తి అతన్ని చూశాడు, అంతే.

సర్పంచి గొంతు సవరించుకున్నాడు. "సరే, తేలిపోనాది కదా. భోజనాలకి లెగండి."

జనం లేచారు. కొండలమ్మ ముఖం కడుక్కుని వచ్చి, తనే ఆకులు వేసింది. ఊరు ఊరంతా పంక్తిలో కూర్చుంది. ఆమె ఆకు ఆకుకీ నూతినీళ్ళ గ్లాసు పెట్టింది. రమణబాబుకి కళ్ళు చెమర్చాయి. "గెలిచామండీ," అన్నాడు.

"పంక్తి సరిగ్గా చూడు," అంది వర్ధనమ్మ.

అందరి మోకాళ్ళ పక్కనా నర్సీపట్నంలో కొన్న వాటర్ బాటిళ్ళున్నాయి. అన్నం తింటున్నారు, బాటిల్ ఎత్తి తాగుతున్నారు. సర్పంచి కూడా. కొండలమ్మ పంక్తి చివరిదాకా నడిచి వెనక్కి వచ్చింది. ఏ గ్లాసూ కదల్లేదు. పోయిన అత్త చేతుల మీద పుట్టిన బిడ్డలే సగంమంది అక్కడ కూర్చున్నారు, సిగ్గులేని జనం.

పోలీసు జీపు ఎక్కించబోతుంటే శ్రీరామ్ ఆగాడు. నోరెండిపోయినట్టుంది. పంక్తి చివరి గ్లాసు అందుకుని గటగటా తాగేశాడు.

ఆ ఊళ్ళో ఆ నీళ్ళు మంచివని నమ్మి తాగినవాడు అతనొక్కడే. కొండలమ్మ అతను కింద పెట్టిన ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.