నల్లగోరు గ్యాంగ్

మైకుని పట్టుకోగల మొనగాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు.

నలుగురు వెంటపడ్డారు. చీకటి పడుతోంది. స్కూలు వెనక సందు... చెత్తకుండీ... గోడ. ఒక్క గెంతు. వెనకొచ్చే గాలికి కూడా ఆయాసమొచ్చి కూర్చుండిపోయి ఉంటుంది.

మెయిన్ రోడ్డు మీద ఆగి నవ్వుతాడు. "చూశావురా తమ్ముడూ, మీ అన్న..."

పక్కన తమ్ముడు లేడు.

వెనక కూడా ఎవరూ లేరు. అసలు మైకుని ఎవరూ తరమడం లేదు.

వాళ్లకి కావాల్సింది తమ్ముడు!

మళ్లీ గోడ. ఈసారి గెంతు కుదరదు. మోకాలు చీరుకుపోతుంది.

స్కూలు వెనక గేటు దగ్గర నలుగురూ ఉన్నారు. మధ్యలో గొలుసు. చేతికి బైకు చైను చుట్టుకుని తిరుగుతాడు, అందుకే ఆ పేరు. తమ్ముడి చిటికెన వేలు ఇనుప గేటు సందులో పెట్టి పట్టుకున్నాడు.

ఆ గోరు నల్లగా ఉంది.

"అన్నా..." అంటాడు ఆరో క్లాసు తమ్ముడు. "బీరువా తలుపులో పడి నలిగిందని చెప్తే నమ్మట్లేదు."

"నల్లగోరు గ్యాంగ్‌లో పాలు తాగే పిల్లల్ని కూడా చేర్చుకుంటున్నారా?" గొలుసు నవ్వడు. "నా బండి తగలబెట్టింది మీరేగా. ఈ వేలు తీసేస్తే మిగతావాళ్లకి బుద్ధొస్తుంది."

మైకు నోరు తడారిపోతుంది. ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుందని పేరు తెచ్చుకున్న నోరు.

పోయిన నెల. గ్యాంగుల జోలికి పోవద్దని పాఠం చెప్పడానికి స్కూలుకి పోలీస్ మేడమ్ వచ్చింది. "మీ చుట్టుపక్కల గ్యాంగులేమైనా ఉన్నాయా?" అనడిగింది. క్లాసంతా నిద్రలో ఉంది. మైకు లేచాడు. మొహంలో ఒక్క గీత కదలకుండా చెప్పాడు. నల్లగోరు గ్యాంగ్ మేడమ్. చిటికెన వేలి గోరుకి నల్లరంగు. కోపమొస్తే బండ్లు తగలబెడతారు. పులిని కూడా పెంచుతున్నారని అందామనుకుని, మర్యాదగా ఆగాడు.

మేడమ్ నమ్మింది. జాగ్రత్తగా ఉండమని అన్ని స్కూళ్లలోనూ చెప్పింది. విన్న కుర్రాళ్లు కొందరు, స్టైల్‌గా ఉందని గోళ్లకి నల్లరంగు వేసుకోవడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఊళ్లో ఏ బండి తగలబడ్డా పేరు నల్లగోరు గ్యాంగ్‌దే.

"అలాంటి గ్యాంగే లేదన్నా," అంటాడు మైకు.

"పోలీసులే ఉందన్నారు. లేదనడానికి నువ్వెవడివిరా?"

"మేడమ్‌నే అడుగుదాం. క్లాసులో నంబరిచ్చింది."

"చెయ్. స్పీకర్ పెట్టు. ఎక్కడున్నావో చెప్పావో... గేటు మూస్తా."

రింగు... ఇంకో రింగు.

"మేడమ్, నేను... మైకుని. ఆ నల్లగోరు గ్యాంగ్... నిజంగా లేదు కదా?"

"లేకపోవడమేంటి నాన్నా? ఇవాళే ముగ్గుర్ని పట్టుకున్నాం. ముగ్గురి గోళ్లూ నలుపే. అంతా నీ ధైర్యం వల్లే. లీడరెవరో మాత్రం ఎంత అడిగినా చెప్పట్లేదు."

గొలుసు గేటు మీద చెయ్యి వేస్తాడు. కిర్రు... తమ్ముడు కళ్లు గట్టిగా మూసుకుంటాడు.

"ఎలా చెప్తారు మేడమ్? వాళ్లకేం తెలుసు..." అంటాడు మైకు. "అంతా నేనే పుట్టించాను. గ్యాంగూ నేనే, లీడరూ నేనే. నవ్వుకోవడానికి చెప్పా. వాళ్లని వదిలేయండి మేడమ్. మా తమ్ముణ్ణి కూడా..."



గొలుసు తమ్ముడి వేలు వదిలేస్తాడు. తాపీగా మైకు చెయ్యి అందుకుని, అటూ ఇటూ తిప్పి చూస్తాడు.

"లీడర్ గోరు ఇంత తెల్లగా ఉంటే ఎలారా?"

మైకు చిటికెన వేలు సందులో పెడతాడు. గేటు కదులుతుంది.