కన్ను లేని చేప

వాడు చేప తినడం లేదు.

చూస్తున్నాడు.

ఫోర్కు మొనతో తల ఎత్తాడు. ఇటు తిప్పాడు. అటు తిప్పాడు. ఒకవైపు కన్ను వేగి తెల్లబడింది. రెండో వైపు కన్నే లేదు. అక్కడ గుండ్రంగా ఒక బొక్క. వేలు దూరేంత.

ఎదురుగా కూర్చున్న జెర్లిన్ కూడా ఆ బొక్క చూసింది.

పొద్దున్నుంచి ఇది మూడో చోటు.

ఓడ దిగిన టూరిస్టులు గుమిగూడిన రేవులో ఈ మనిషిని ఆమె టూరిస్టు వ్యాన్ దాకా నడిపించుకొచ్చి తలుపు తెరిచినవాడు పోలీసు కార్పొరల్ బాస్కోమ్. "హాస్కెట్ గారికి మంచి చేప కావాలట జెర్. ఈ దీవిలో నీకంటే ఎవరికి తెలుసు?" అన్నాడు. హాస్కెట్‌ది పూల చొక్కా, గడ్డి టోపీ, ఖరీదైన చెప్పులు. "హోటల్ బఫేలు వద్దు. మీవాళ్లు తినే చోటుకి తీసుకెళ్లు" అన్నాడు హాస్కెట్. జెర్లిన్ సంబరపడింది. ఇక్కడికొచ్చే దొరలంతా మన సముద్రం పక్కనే కూర్చుని, మయామీ నుంచి ఐసులో వచ్చిన చేప తిని, ఆహా ఓహో అని పోయేవాళ్లే. వీడెవడో రుచి తెలిసినవాడు అనుకుంది.

మొదటి చోట చేప తల చూసి పక్కకి నెట్టేశాడు.

అక్కడే ఆమె నోరు జారింది.

"బల్లెం దెబ్బ కోసం చూస్తున్నారా సార్? అందరూ పొట్టలో పొడుస్తారు. కండ పాడవుతుంది. కంట్లో పొడిచేవాడు ఈ దీవి మొత్తానికి ఒక్కడే."

గొప్ప! తమ్ముడి గురించి గొప్ప చెప్పుకుంది.

రెండో చోటా అంతే. తల చూశాడు. నెట్టాడు.

ఇప్పుడు నెట్టలేదు. నవ్వాడు.

"అమ్మా, ఈ స్నాపర్ ఎవరు తెచ్చారు?"

పొయ్యి దగ్గర ముసలి టాంటీ ఎజ్మిన్, ఊరందరికీ అత్త, వెనక్కి తిరగలేదు. రేకుల కప్పు, నాలుగు బల్లలు, నల్లటి మూకుడు. ఆ మూకుడుతోనే ఊళ్లో సగం మందిని పెంచింది ఆమె.

"వల చేప నాయనా. మార్కెట్లో కొన్నాను."

"వల కంట్లో పొడుస్తుందా?"

"నా వయసొచ్చాక నీకూ చేపకి ఎన్ని కళ్లో లెక్క తెలీదులే. తింటావా, చల్లారబెడతావా?"

అతను జెర్లిన్ వైపు వంగాడు. గొంతు తగ్గించాడు.

"మీ తమ్ముడు కెల్లాన్ ట్రినిడాడ్ పారిపోయాడని పోలీసులకి చెప్పావట."

ఆమె పొయ్యి వైపు చూసింది.

"మొప్పలు కోయకముందు ఎర్రగా ఉండుంటాయి. ఇవాళ్టి చేప ఇది. ట్రినిడాడ్ నుంచి ఈదుకుంటూ వచ్చి మీ టాంటీ మూకుడులో దూకిందా?"

బల్ల కింద ఆమె మోకాలికి ఏదో తగిలింది.

గట్టిగా. చల్లగా.

"లే. వ్యాన్ తియ్యి. ఫోన్ ఇటివ్వు. అరిచావా... ముందు ముసలామె."

*

కెల్లాన్ బతికి ఉండాల్సింది సోమవారం దాకా.

సోమవారం కోర్టు. డబ్బున్నవాళ్ల షికారు పడవలకి మరీనా కట్టడానికి రేవు మొత్తం మింగాలని చూసిన కంపెనీకి అడ్డం నిలబడినవాడు ఆల్‌స్టన్, మత్స్యకారుల సంఘం పెద్ద. కంపెనీ మనుషులు పడవలో వచ్చి అతని తలని నీళ్లలో అదిమిపట్టారు. కాళ్లు కొట్టుకోవడం ఆగేదాకా. చూసినవాళ్లు ఎవరూ లేరనుకున్నారు. కింద, పగడపు రాళ్ల మధ్య, ఊపిరి బిగబట్టి బల్లెంతో ఒకడున్నాడు. పైకి చూశాడు. మొహాలన్నీ చూశాడు.

కెల్లాన్ ఉంటే కేసు ఉంది. కెల్లాన్ పోతే ఆల్‌స్టన్ "ప్రమాదవశాత్తు" పోయినట్టే.

వ్యాన్ కొండ మలుపులు తిరుగుతోంది. చీకటి పడింది. తూర్పున చుక్కల్లేవు. అక్కడ ఆకాశం మసిగుడ్డలా వేలాడుతోంది.

"ఎక్కడికి తీసుకెళ్లమంటారు?" అంది జెర్లిన్. "వాడెక్కడున్నాడో నాకు తెలీదు."

హాస్కెట్ సీటు కిందకి చెయ్యి పెట్టాడు. మూత పెట్టిన బకెట్ పైకి తీశాడు. మూత తెరిచాడు. కొబ్బరిపాలలో ఉడికిన బ్రెడ్‌ఫ్రూట్ పండు ముక్కలు, ఉప్పు మాంసం. పొద్దున వండినది, రేపటి దాకా ఆగదు.

"ఇది ఎవరికి?"

ఆమె గేరు మార్చింది.

"ఒక మనిషి తిండి," అన్నాడు. "బాగా తినే మనిషి. ఈ రాత్రే ఇస్తావన్నమాట. ఇంకేం, పద. దారి తప్పావంటే వెనక్కి వెళ్దాం. ముసలామె ఇంకా గిన్నెలు తోముతూనే ఉంటుంది."

బకెట్‌లోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు.

పొద్దున్నుంచి వాడు తిన్న మొదటి ముక్క అది.

"బాగుంది," అన్నాడు.

పెద్ద హోటల్ దాటుతున్నారు. హెడ్‌లైట్లలో దాని బీచ్ చెట్లు మెరిశాయి. ఒక్కో మొదలు చుట్టూ ఎర్ర రంగు పట్టీ.

"ఏంటది? పండగా?"

"టూరిస్టుల కోసం సార్," అంది జెర్లిన్.

అబద్ధం కాదు.

అద్దంలో తూర్పు వైపు చూసింది. మబ్బు దగ్గరికొస్తోంది. వాన... ఇంకాస్త సేపట్లో వాన.

ఆమె ఇంకేం ఆలోచించలేదు. నేరుగా చిన్న రేవుకే తిప్పింది. అసలు చోటుకే.

*

చిన్న రేవులో మనిషి అలికిడి లేదు. వెనక మిట్ట మీద విసిరేసినట్టు పదిళ్లు. కింద ఇసుక. నీళ్ల అంచున గుబురు చెట్లు. సముద్రంలో అల్లంత దూరంలో నల్లగా ఒక రాతి దిబ్బ. కెల్లాన్ ఉండేది అక్కడే.

"ఎలా పిలుస్తావు?"

"లైట్లు రెండుసార్లు వేస్తాను. పడవలో వస్తాడు."

"వెయ్యి."

వేసింది. ఆర్పింది. వేసింది. ఆర్పింది.

దిబ్బ మీద చిన్న వెలుగు కదిలింది.

హాస్కెట్ తాళం చెవి లాక్కున్నాడు. దిగాడు. వ్యాన్ పక్కన నిలబడితే పడవలోంచి కనిపిస్తాడు. చుట్టూ చూశాడు. అప్పుడే మొదటి చినుకులు పడ్డాయి. లావుగా, గులకరాళ్లలా.

వాడు చెట్టు కిందకి పరిగెత్తాడు.

గుబురు చెట్టు. ఒత్తుగా ఆకులు. కింద పచ్చటి చిన్న కాయలు, ఆపిల్ పిందెల్లా.

"ఇలా రా. తడుస్తావు," అన్నాడు. తుపాకీ ఆమె వైపే ఉంది.

"తడవడం మాకు అలవాటే సార్."

"మొండిదానివి."

"మా ఇంట్లో అందరూ అంతే."

నవ్వాడు. "అక్కడే ఉండు. కదిలితే కాలుస్తాను."

ఆమె కదల్లేదు. వాన మీద పడుతుంటే వ్యాన్ తలుపు పట్టుకుని నిలబడింది. వాన్నే చూస్తోంది.

అది మాన్షినీల్ చెట్టు.

ఈ దీవిలో నడక రాకముందే పిల్లలకి నేర్పేది అదొక్కటే. దాని కాయ కొరకొద్దు. ఆకు ముట్టొద్దు. చచ్చినా సరే, వానలో దాని కింద నిలబడొద్దు. చెట్టు పాలు వాన నీళ్లలో కలిసి కారతాయి. తగిలినచోట ఒళ్లు బొబ్బలెక్కుతుంది. కంట్లో పడితే ఇక చెప్పక్కర్లేదు.

హోటళ్ల బీచ్‌లో ప్రతి మాన్షినీల్‌కీ ప్రభుత్వం ఎర్ర రంగు పూసింది. దొరల చర్మం కదా! చిన్న రేవుకి ఎవడొస్తాడని? పేదవాళ్ల రేవు. ఇక్కడ ఒక్క చెట్టుకీ రంగు లేదు. రంగు పుయ్యండి బాబూ అని ఆల్‌స్టన్ మూడేళ్లు తిరిగాడు. పుయ్యలేదు.

మంచిదైంది.

వాన దంచుతోంది. ఆకుల మీంచి జారిన నీళ్లు వాడి టోపీ మీద, మెడ మీద. వాడు మెడ తుడుచుకున్నాడు. అదే చేత్తో నుదురు తుడుచుకున్నాడు.

తర్వాత కళ్లు.

తెడ్ల చప్పుడు... దూరంగా.

"వస్తున్నాడు," అన్నాడు. రెప్పలు కొట్టుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. "ఏంటిది... ఇసుకా?"

"వాన సార్."

"మండుతోంది."

"కాసేపు ఓపిక పట్టండి."

గట్టిగా రుద్దాడు. రుద్దేకొద్దీ లోపలికి పోతుంది అది. వాడి గొంతులోంచి ఏదో శబ్దం. కుక్క మూలుగులా. చెట్టుకి చెయ్యి ఆనించాడు. ఆ చెయ్యి మళ్లీ కళ్ల మీదకే.

తెడ్లు దగ్గరికొచ్చాయి.

"ఏం చేశావే నన్ను?"

జెర్లిన్ తెరిచి ఉన్న వ్యాన్ తలుపు వెనక్కి దూకింది.

పేలింది! కిటికీ అద్దం భళ్లున రాలింది. అయినా వాడు గురి చూసి కాల్చలేదు. చూడ్డానికి వాడికి కళ్లు లేవు. చప్పుడుని బట్టి కాలుస్తున్నాడు.

తెడ్లు ఠక్కున ఆగిపోయాయి.

వాడు సముద్రం వైపు తిరిగాడు. తల పక్కకి వంచాడు. వింటున్నాడు.

పడవ పక్కకి అల తగిలింది... తపక్.

తుపాకీ అటు లేచింది.

జెర్లిన్ చెయ్యి డాష్‌బోర్డు కింద తడిమింది. శంఖం. ఇక్కడ ప్రతి ఇంట్లో, ప్రతి పడవలో, ప్రతి బండిలో ఉండేదే. ఒక్కటే పొడుగు ఊదు ఊదితే చేప ఒడ్డుకొచ్చిందని, గిన్నెలు పట్టుకు రమ్మని. పొట్టి ఊదులు వరసగా ఊదితే మనిషి సముద్రంలో పోతున్నాడని. అది విన్నవాళ్లు చేతిలో ఏ పనున్నా వదిలేసి రావాలి. రానివాడితో ఊరు మాట్లాడదు.

ఊదింది. పొట్టిగా. మళ్లీ. మళ్లీ.

తుపాకీ సముద్రం వదిలి ఆమె వైపు తిరిగింది. పేలింది! చక్రం బుస్సుమంది. ఆమె ఇసుకలో బోర్లా పడి ఊదుతూనే ఉంది. నోట్లో ఇసుక. నెత్తురు రుచి.

రండి... ఎవరో ఒకరు రండి...

మిట్ట మీద ఒక శంఖం పలికింది.

వాడు అటు కాల్చాడు.

ఎడమ పక్క ఇంకొకటి. అటు కాల్చాడు. కుడి పక్క ఇంకొకటి. వెనక ఒకటి. కొండ మీద ఒకటి. చీకటి మొత్తం ఊదుతోంది! వాడు చుట్టూ తిరుగుతూ, తూలుతూ, ఏడుస్తూ కాలుస్తున్నాడు.

టక్.

టక్... టక్.

ఖాళీ.

*

వాన ఎలా వచ్చిందో అలాగే వెళ్లిపోయింది.

లాంతర్లు దిగుతున్నాయి. ఆడవాళ్లు, మగవాళ్లు, ఒక చేతిలో లాంతరు, ఒక చేతిలో శంఖం. ముందు టాంటీ ఎజ్మిన్, ఆయాసపడుతూ. చేతిలో గరిటె ఇంకా ఉంది. వ్యాన్ వెళ్లిన వైపు చూసి, అడ్డదారిన పరిగెత్తుకొచ్చింది.

హాస్కెట్ ఇసుకలో మోకాళ్ల మీద కూలబడ్డాడు. రెప్పలు రెండూ వాచి మూసుకుపోయాయి.

వాడి పక్కన నీళ్లు కదిలాయి.

కెల్లాన్ లేచాడు. మొదటి గుండుకే పడవ వదిలేసి నీళ్లలో దాక్కున్నవాడు, ఇప్పుడు ఒడ్డు పక్కన తేలాడు. చేతిలో బల్లెం. రబ్బరు పట్టీ చివరిదాకా లాగి ఉంది. మొన నేరుగా వాడి కంటికి.

"బల్లెం వదలకురా," అంది జెర్లిన్.

"అక్కా, పక్కకి జరుగు."

"వదలకంటున్నానా! వీణ్ని చంపితే సోమవారం నువ్వూ హంతకుడివే. వీడి నోరు మనకి కావాలి."

కెల్లాన్ రబ్బరు పట్టీ వదులు చేశాడు. బల్లెం కిందకి దిగింది.

టాంటీ ఎజ్మిన్ వాడి పక్కన చతికిలబడింది. దోసిలితో నీళ్లు తెచ్చి కళ్ల మీద కొట్టింది.

"నా చేప తినకుండా వదిలేశావు. ఎంత చక్కగా వేయించానో. చెప్పు నాయనా, ఎవరు పంపారు నిన్ను?"

"నీళ్లు... ఇంకా..."

"పోస్తాను. ముందు చెప్పు."

"చెప్తాను... కోర్టులోనైనా చెప్తాను... ఇక్కడ నన్ను కలిసినవాడు, ఈవిడ వ్యాన్ చూపించినవాడు..."

పేలింది!

వాడి తల వెనక్కి విరిగింది. టాంటీ దోసిట్లో నీళ్లు ఎర్రబడ్డాయి.

బాటమీద టార్చి వెలిగింది. వెనకాల కార్పొరల్ బాస్కోమ్. తుపాకీ దించుతూ వస్తున్నాడు.

"సమయానికి వచ్చాను. లేకపోతే అందర్నీ చంపేసేవాడు."

"ఖాళీ తుపాకీతోనా?" అంది టాంటీ.



జెర్లిన్ అతని యూనిఫారం చూస్తోంది. వాన ఆగి చాలాసేపయింది. అతని చొక్కా అంచుల నుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి. వాన మొత్తం ఇక్కడే నిలబడి తడిసినవాడిలా.

పోలీస్ స్టేషన్ కొండకి అవతల. శంఖం అంతదూరం వినపడదు. మరి ఫోన్ చేసిందెవరు? ఆమె ఫోన్ చచ్చినవాడి జేబులో ఉంది.

ఎవరూ చెయ్యలేదు.

పొద్దున రేవులో తలుపు తెరిచిన చెయ్యి గుర్తొచ్చింది ఆమెకి.

"కెల్లాన్ ఎక్కడ జెర్?" బాస్కోమ్ గొంతు మెత్తగా ఉంది. "నా దగ్గర ఉంటే వాడికి భద్రం."

ఆమె నీళ్ల వైపు చూడలేదు. చూడక్కర్లేదు. గుండు పేలగానే కెల్లాన్ నీళ్లలోకి జారుకున్నాడని, అక్కడ వలయాలు తప్ప ఇంకేమీ ఉండదని ఆమెకి తెలుసు.

"సోమవారం వస్తాడు సార్. కోర్టుకి."

టార్చి ఒక్కో మొహం మీదా తిరిగింది. మెల్లగా. లెక్క తీస్తున్నట్టు. టాంటీ ఎజ్మిన్ మొహం మీద ఆగింది.

"టార్చి వేసుకో నాయనా, బాగా వేసుకో," అంది ఆమె. "మమ్మల్ని చూసుకో. మేం నిన్ను చూశాం."

టార్చి ఆరిపోయింది.

చీకట్లో, దూరంగా, దిబ్బకి అవతల నుంచి శంఖం పలికింది. పొట్టిగా కాదు.

పొడుగ్గా. ఒక్కటే ఊదు. చేప ఒడ్డుకొచ్చినప్పుడు ఊదే ఊదు.

బాస్కోమ్ ఈ ఊరివాడే. ఆ ఊదుకి అర్థం అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.