తాత పుక్కిలించిన నీళ్లు

ఆ మధ్యాహ్నం ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో సగం మగ్గాలు చప్పుడు చేయడం లేదు. అది 1957 జూన్ నెల. మద్రాసు వైపు నుంచి వచ్చిన జ్వరం ఇంటింటికీ తిరుగుతోంది. బడికి కూడా సెలవిచ్చేశారు. ఆ సంగతికి మాత్రం పిల్లలెవరూ బాధపడలేదు.

పదేళ్ల భీమక్క చేతిలో వెడల్పు మూతి సీసా ఒకటి ఉంది. అందులో ఉన్నవి తాత ఉచ్చీరప్ప పుక్కిలించి ఉమ్మిన ఉప్పునీళ్లు. వీధిలో ముందుగా మంచం పట్టింది ఆయనే. హెల్త్ ఇన్‌స్పెక్టర్ కృపానందం ఆ నీళ్లు పట్టించి, చీటీ రాసి అంటించి ఐసు డబ్బాలో పెట్టమని భీమక్కకు అప్పగించాడు. తాను మిగతా జ్వరాలవాళ్లను చూసి, బస్సు వేళకు వస్తానన్నాడు. ఊరి నుంచి పోయేది ఆ సీసా ఒక్కటే. ఆదోనిలో రైలెక్కి పెద్ద ల్యాబుకు చేరాలట.

భీమక్క ముక్కు చిట్లించింది. ఆ ఇంట్లో ఎంగిలంటే మహా పట్టింపు. చెంబు పెదవికి తగిలిందంటే అవ్వ హనుమంతమ్మ చింతపండుతో మూడుసార్లు తోమిస్తుంది. అలాంటి ఇంటి నుంచి పెద్ద డాక్టర్లకు ఎంగిలి నీళ్లు పంపడమా? పరువేం కావాలి?

అటూ ఇటూ చూసి, నీళ్లు పెరట్లో పారబోసింది. సీసాను బూడిదతో తోమి, కడవలోని మంచినీళ్లు పట్టింది. తాత పేరు గుండ్రంగా రాసి చీటీ అంటించి, ఐసు డబ్బాలో పెట్టింది. తన తెలివికి తానే మురిసిపోయింది.

కృపానందం తిరిగొచ్చి మగ్గం పక్కన కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. ఉమ్మిలో ఏం చూస్తారని తాత పడుకునే అడిగాడు.

"నీ జ్వరం తెచ్చిన వైరస్ ఆడ ఉంటాది పెద్దాయనా. కంటికి కనపడదు. గొంతులో దూరి తనలాంటివే ఇంకా పుట్టిస్తాది," అని మగ్గం మీది చీర అంచు చూపించాడు. "నీ అంచు చూసి ఒకరు, వాళ్లది చూసి ఇంకొకరు నేస్తారు గదా. యాడో ఒక పోగు తప్పుతాది. ఆ తప్పునే తర్వాతోళ్లు నేస్తే, కొన్నాళ్లకు అది కొత్త అంచే. వైరస్ కూడా అంతే. పాతదాన్ని ఎరిగిన మన ఒళ్లు కొత్తదాన్ని గుర్తుపట్టదు."

ల్యాబులో దాన్ని పాత రకాలతో పోల్చి చూస్తారట. దేనితోనూ కలవకపోతే కొత్త రకమని వేరే పేరు పెడతారట. ఊరూరి నుంచి సీసాలు వస్తేనే అది ఎందాకా పాకిందో తెలుస్తుందనీ, మందులు అటే పంపుతారనీ చెప్పాడు.

"సీసాలో ఏమీ దొరక్కపోతే?" అని మెల్లగా అడిగింది భీమక్క.

"ఈ ఊర్లో ఆ జ్వరం లేదని రాసుకుంటారు పాపా."

భీమక్క పక్కగోడ వైపు చూసింది. పక్కింటి మరియమ్మ, ఆమె చంటిబిడ్డ నిన్నటి నుంచి మూలుగుతున్నారు. వాళ్లది లేని జ్వరమైపోతుందా? వీధి చివర బస్సు హారన్ మోగింది. కృపానందం డబ్బా ఎత్తుకున్నాడు. తను నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. అయినా వెళ్లి అతని దారికి అడ్డంగా నిలబడింది.

"సార్, అవి తాత నీళ్లు కాదు. ఎంగిలని నేనే పారబోసినా. అవి మా కడవ నీళ్లు."

 తాత దగ్గొచ్చేదాకా నవ్వాడు. అవ్వ బస్సు ఆపడానికి వీధిలోకి పరుగెత్తింది. కృపానందం నవ్వు ఆపుకుంటూ సంచిలోంచి ఇంకో సీసా తీశాడు.

భీమక్క ఉప్పునీళ్లు కలిపి తెచ్చింది. తాత పుక్కిలించి ఉమ్ముతుంటే సీసాను తనే ఆయన పెదవికి ఆనించి పట్టుకుంది. నాలుగు చుక్కలు వేళ్ల మీద పడ్డా చేయి కదల్చలేదు. మూత బిగించాకే సబ్బుతో కడుక్కుంది.

కొత్త చీటీ మీద పేరు, ఊరు, తేదీ రాసింది. కింద ఇంకో వరుస చేర్చింది: "ఇది రెండోసారి పట్టింది. మొదటిది నేనే పారబోసినాను. భీమక్క."

ఆ వరుస అక్కర్లేదన్నాడు కృపానందం.

"జరిగింది గదా సార్, ఉండనీ," అని భీమక్క చీటీని బొటనవేలితో అదిమి అంటించింది.